బ్రిటిష్ వార్తాపత్రికల చరిత్ర, ప్రభావం: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్నలిజం చదివే పిల్లలు, పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లు, లండన్‌లో స్థిరపడిన మనవాళ్లు, పొద్దున్నే పేపర్ లేనిదే కాఫీ దిగని పెద్దవాళ్లు ఎన్నో ఏళ్లుగా నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. చాలాకాలం న్యూస్ డెస్క్‌లో పనిచేసినవాణ్ని కాబట్టి నాకొక అలవాటు ఉంది. ఏ పత్రిక గురించి చదివినా, దాని కాగితానికీ సిరాకీ డబ్బు ఎవరు పెట్టారో ముందు చూస్తాను. బ్రిటన్ పత్రికల కథ నాకు ఆ దారిలోనే అర్థమైంది. అందుకే కింది జవాబుల్లో డబ్బు ప్రస్తావన పదేపదే వస్తుంది.

బ్రిటన్‌లో మొట్టమొదటి వార్తాపత్రిక ఏది?

"పత్రిక" అని దేన్ని అంటామన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. 1621లో లండన్‌లో "కొరాంటో"లు అనే చిన్న వార్తా పత్రాలు అచ్చయ్యాయి. వాటిలో చాలావరకు డచ్ భాష నుంచి అనువదించిన యూరప్ యుద్ధ వార్తలే ఉండేవి. సొంత దేశపు వార్త రాస్తే రాజుగారి ఆగ్రహానికి గురవుతామన్న భయంతో పరాయి దేశాల సంగతులతోనే సరిపెట్టుకునేవారు.

1665లో లండన్‌ను ప్లేగు కబళిస్తుంటే రెండో చార్లెస్ రాజు పరివారంతో ఆక్స్‌ఫర్డ్‌కు తరలిపోయాడు. అక్కడ మొదలైనదే "ఆక్స్‌ఫర్డ్ గెజెట్". మరుసటి ఏడాది అది "లండన్ గెజెట్" అయింది. ప్రభుత్వ ప్రకటనల పత్రికగా ఇప్పటికీ వెలువడుతోంది. మనం "గెజిటెడ్ ఆఫీసర్ సంతకం" అంటూ తిరుగుతామే, ఆ మాటకు మూలం ఇలాంటి గెజెట్లే.

రోజూ వచ్చే పత్రిక కావాలంటే 1702 మార్చి 11 దాకా ఆగాలి. ఆ రోజు "డైలీ కురాంట్" మొదలైంది. ఒకే కాగితం, ఒకవైపే అచ్చు, రెండు కాలమ్‌లు. దాన్ని తెచ్చింది ఎలిజబెత్ మాలెట్ అనే మహిళ. వార్తలకు తన వ్యాఖ్యలేమీ చేర్చననీ, సొంతంగా ఆలోచించుకునేపాటి తెలివి పాఠకులకు ఉందనీ ఆమె మొదటి సంచికలోనే రాసుకుంది. మూడు వందల ఏళ్లు దాటినా డెస్క్‌లో కూర్చునే ప్రతి ఒక్కరూ గోడకు అంటించుకోదగ్గ మాట అది.

అప్పట్లో పత్రిక పెట్టాలంటే అనుమతి తీసుకోవాలా?

తీసుకోవాల్సిందే. అచ్చు వేయకముందే సర్కారు చూసి సరేనంటేనే ప్రెస్ కదిలేది. 1644లో కవి జాన్ మిల్టన్ ఈ పద్ధతిని తీవ్రంగా ఖండిస్తూ ఒక పుస్తకం రాసినా వెంటనే మార్పు రాలేదు. చివరికి 1695లో లైసెన్సింగ్ చట్టం గడువు ముగిసింది. పార్లమెంటు దాన్ని పొడిగించలేదు. అలా ముందస్తు సెన్సార్‌షిప్ పోయింది. పరువు నష్టం, రాజద్రోహం కేసులు మాత్రం మిగిలాయి. పార్లమెంటు చర్చలను రిపోర్ట్ చేసే హక్కు కోసం ఇంకో ముప్పావు శతాబ్దం పోరాడాల్సి వచ్చింది. జాన్ విల్క్స్ లాంటి రాజకీయ నాయకులు, లండన్ ప్రింటర్లు తలపడ్డాక 1771 నుంచి పార్లమెంటు చూసీ చూడనట్టు ఊరుకోవడం మొదలుపెట్టింది.

"జ్ఞానం మీద పన్ను" అంటే ఏమిటి?

ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే నాకు చాలా సంతోషం, ఎందుకంటే మొత్తం కథకు ఇదే కీలకం.

సెన్సార్ పోయాక పత్రికలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. వాటిని అదుపు చేయడానికి ప్రభుత్వం 1712లో స్టాంపు సుంకం పెట్టింది. ప్రతి కాగితం మీదా సర్కారు ముద్ర పడాలి, ఆ ముద్రకు డబ్బు కట్టాలి. ప్రకటనల మీద ఒక పన్ను, కాగితం మీద ఇంకో పన్ను. 1815 నాటికి ఒక్కో ప్రతి మీద స్టాంపు సుంకమే 4 పెన్నీలకు చేరింది. పత్రిక ధర 7 పెన్నీలు పలికేది. కూలి చేసుకునేవాడు కొనగలిగే ధర కాదది. నోరు మూయించకుండానే పేదవాడి దాకా మాట చేరకుండా చేసే ఉపాయం అన్నమాట. కాఫీ హోటళ్లలో, సారాయి దుకాణాల్లో ఒకే ప్రతిని పదిమంది పంచుకుని చదివేవారు. చదువు రానివాళ్లకు ఒకరు పైకి చదివి వినిపించేవారు. మన పల్లెల్లో రచ్చబండ దగ్గర పేపర్ చదివి వినిపించడం చూసినవాళ్లకు ఈ దృశ్యం వెంటనే కళ్లకు కడుతుంది.

దీన్ని ధిక్కరించి ముద్ర లేని పత్రికలు వచ్చాయి. వాటిలో ప్రసిద్ధమైనది 1831లో హెన్రీ హెథరింగ్టన్ మొదలుపెట్టిన "పూర్ మ్యాన్స్ గార్డియన్". సర్కారు ముద్ర ఉండాల్సిన చోట ఆయన ఒక ముద్రణ యంత్రం బొమ్మ వేసి, జ్ఞానమే శక్తి అని రాయించాడు. దీన్ని చట్టానికి విరుద్ధంగానే ప్రచురిస్తున్నామని పత్రిక పేరు కిందే చెప్పుకున్నాడు. ఒక్క పెన్నీకి అమ్మేవాడు. ఆయన జైలుకు వెళ్లాడు. ఆ పత్రికలను వీధుల్లో అమ్మినందుకు వందల మంది జైలుపాలయ్యారు. ఆ అమ్మకందార్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనిపించవు. పత్రికా స్వేచ్ఛ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం వాళ్లే.

1836లో సుంకాన్ని ఒక పెన్నీకి తగ్గించారు. 1853లో ప్రకటనల పన్ను, 1855లో స్టాంపు సుంకం, 1861లో కాగితం మీద పన్ను పోయాయి. స్టాంపు సుంకం తీసేసిన ఏడాదే "డైలీ టెలిగ్రాఫ్" పుట్టింది. కొద్ది నెలల్లోనే ఒక్క పెన్నీకి దొరికింది. రైళ్లు కూడా అప్పటికే వచ్చేశాయి. లండన్‌లో తెల్లవారుజామున అచ్చయిన పత్రిక అదే రోజు దూరపు ఊళ్లకు చేరేది.

టైమ్స్ పత్రికకు అంత పేరు ఎలా వచ్చింది?

జాన్ వాల్టర్ 1785లో వేరే పేరుతో మొదలుపెట్టిన పత్రిక 1788 నుంచి "ది టైమ్స్" అయింది. దాన్ని నిలబెట్టినవి రెండు.

ఒకటి యంత్రం. 1814 నవంబర్ 29న జర్మన్ ఇంజినీర్ కోనిగ్ తయారుచేసిన ఆవిరి ప్రెస్ మీద టైమ్స్ అచ్చయింది. చేత్తో తిప్పే ప్రెస్ గంటకు రెండు మూడు వందల కాగితాలు తీస్తే, ఇది 1,100 తీసింది. కొత్త యంత్రాన్ని చూస్తే కార్మికులు పగలగొడతారేమోనన్న భయంతో వేరే భవనంలో రహస్యంగా బిగించారు. విదేశీ వార్తల కోసం ఆగుతున్నామని ప్రింటర్లకు చెప్పి, ఉదయం ఆరింటికి అచ్చయిన పత్రికతో యజమాని వాళ్ల ముందుకు వచ్చాడు. పని పోయినవాళ్లకు వేరే పని దొరికేదాకా జీతం ఇస్తానని మాట కూడా ఇచ్చాడు.

రెండోది స్వతంత్రత. ఆ రోజుల్లో చాలా పత్రికలు ప్రభుత్వం దగ్గరో పార్టీల దగ్గరో రహస్యంగా డబ్బు తీసుకునేవి. టైమ్స్ మాత్రం వ్యాపార ప్రకటనల ఆదాయం పెరిగాక ఎవరి దయ మీదా ఆధారపడాల్సిన అవసరం లేకుండా చేసుకుంది. థామస్ బార్న్స్, ఆయన తర్వాత జాన్ డిలేన్ సంపాదకులుగా ఉన్న కాలంలో "థండరర్" అనే పేరు స్థిరపడింది. ఉరిమేది అని అర్థం. 1861లో అబ్రహాం లింకన్ ఆ పత్రిక విలేకరితో మాట్లాడుతూ, లోకంలో టైమ్స్‌కు మించిన శక్తి బహుశా మిసిసిపీ నది ఒక్కటేనేమో అన్నాడట.

ఒక్క విషయం ఆశ్చర్యంగా ఉంటుంది. ఇంత పెద్ద పత్రిక మొదటి పేజీలో 1966 మే దాకా వార్తలే ఉండేవి కావు, నిండా చిన్న ప్రకటనలే.

యుద్ధ విలేకరి అనే ఉద్యోగం అక్కడే పుట్టిందా?

అంతకుముందు కూడా యుద్ధాల గురించి రాసినవాళ్లు ఉన్నారు. కానీ ఆ ఉద్యోగానికి ఒక రూపం ఇచ్చింది మాత్రం టైమ్స్ విలేకరి విలియం హోవర్డ్ రసెల్. 1854లో రష్యాతో జరిగిన క్రిమియా యుద్ధానికి వెళ్లిన ఈ ఐరిష్ మనిషి సేనాధిపతులు చెప్పింది కాకుండా తన కళ్లతో చూసింది రాశాడు. కలరాతో చస్తున్న సైనికులు, చలికి సరైన బట్టలు లేకపోవడం, గాయపడ్డవాళ్లకు కట్టు కట్టే దిక్కు లేకపోవడం, ఇవన్నీ లండన్‌లో భోజనాల బల్లల దాకా చేరాయి. లైట్ బ్రిగేడ్ అనే గుర్రపు దళం ఒక తప్పుడు ఉత్తర్వు వల్ల శత్రువుల ఫిరంగులకు ఎదురు వెళ్లి నాశనమైంది అక్టోబర్ 25న. ఆ కథనం అచ్చయింది నవంబర్ 14న. అంటే వార్త చేరడానికి దాదాపు మూడు వారాలు. అయినా దాని వేడి తగ్గలేదు.

అదే పత్రికలో ఇస్తాంబుల్ నుంచి థామస్ చెనరీ ఆసుపత్రుల దుస్థితి రాశాడు. అది చదివాకే నర్సులను పంపాలన్న ఒత్తిడి పెరిగింది, ఫ్లోరెన్స్ నైటింగేల్ బృందం బయల్దేరింది. పాఠకుల విరాళాలతో పత్రికే ఒక నిధి కూడా నడిపింది. యుద్ధ నిర్వహణ మీద విమర్శల మధ్య 1855 జనవరి చివర్లో ప్రధాని అబర్డీన్ ప్రభుత్వం పడిపోయింది.

రసెల్ 1858లో మన దేశానికీ వచ్చాడు. లక్నోను బ్రిటిష్ సైన్యం తిరిగి పట్టుకోవడం చూశాడు. సిపాయిల తిరుగుబాటు తర్వాత మనవాళ్ల మీద తీర్చుకున్న ప్రతీకారాన్ని తప్పుపడుతూ రాశాడు. అప్పటి లండన్‌లో పగ తప్ప ఇంకో మాట వినపడని వాతావరణం. అందులో ఆ రాతకు చాలా ధైర్యం కావాలి.

గార్డియన్ పత్రికకు యజమాని లేడంటారు, నిజమేనా?

దాదాపు నిజమే. 1819 ఆగస్టులో మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ మైదానంలో ఓటు హక్కు కోసం గుమిగూడిన జనం మీదికి గుర్రపు సైన్యాన్ని తోలారు. ఎంతోమంది చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. దీన్నే పీటర్‌లూ అంటారు. అది చూసిన జాన్ ఎడ్వర్డ్ టేలర్ 1821లో "మాంచెస్టర్ గార్డియన్" పెట్టాడు. డబ్బు సమకూర్చింది మాత్రం ఆ ఊరి పత్తి వ్యాపారులు. ఆ పత్తి అమెరికాలో బానిసలు పండించినది. స్వేచ్ఛ కోసం పుట్టిన పత్రిక పెట్టుబడిలో బానిసల చెమట ఉందన్న నిజాన్ని పత్రిక యాజమాన్య ట్రస్టు తానే విచారణ చేయించి, 2023లో క్షమాపణ చెప్పింది. ఆలస్యమైనా సరైన పని.

1872 నుంచి 1929 దాకా, అంటే 57 ఏళ్లు, సి. పి. స్కాట్ సంపాదకుడు. వ్యాఖ్యకు అడ్డులేదు, వాస్తవాలు మాత్రం పవిత్రం అన్న ఆయన మాట 1921లో పత్రిక నూరేళ్ల సందర్భంగా రాసిన వ్యాసంలోనిది. 1936లో స్కాట్ కుటుంబం యాజమాన్య హక్కులు వదులుకుని ఒక ట్రస్టుకు అప్పగించింది. లాభం పంచుకునే వాటాదారులు లేరు, వచ్చింది పత్రికకే ఖర్చుపెట్టాలి. 1959లో పేరులోంచి మాంచెస్టర్ పోయింది.

సామాన్యుడు చదివే పత్రికలు ఎప్పుడొచ్చాయి?

1870లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. పాతికేళ్లలో అక్షరం వచ్చిన ఒక కొత్త తరం తయారైంది. గుమాస్తాలు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు, రైల్లో ఆఫీసుకు వెళ్లేవాళ్లు. వాళ్లకు పార్లమెంటు ప్రసంగాల పూర్తి పాఠం అక్కర్లేదు, రైలు దిగేలోపు చదవగలిగే పత్రిక కావాలి. ఆల్‌ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ దీన్ని కనిపెట్టాడు. ఆయనే తర్వాత లార్డ్ నార్త్‌క్లిఫ్. 1896 మే 4న "డైలీ మెయిల్" అర పెన్నీకి తెచ్చాడు. మొదటి రోజే దాదాపు 4 లక్షల ప్రతులు పోయాయి. కొన్నేళ్లలోనే 10 లక్షలు దాటింది.

అర పెన్నీకి అమ్మితే నష్టమే. ఆ నష్టాన్ని ప్రకటనలు పూడ్చాయి, ప్రకటనలు రావాలంటే సర్క్యులేషన్ పెరగాలి. ఈ చక్రం నేటికీ ఆగలేదు. మన ఊళ్లో కొద్ది రూపాయలకే ఇంటికొచ్చే పేపర్‌కు కాగితం ఖర్చే అంతకంటే ఎక్కువ అవుతుందని తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

టాబ్లాయిడ్ అంటే ఏమిటి? మన జిల్లా టాబ్లాయిడ్ లాంటిదేనా?

సైజు అదే, అర్థం వేరు. మనకు టాబ్లాయిడ్ అంటే మెయిన్ పేపర్ మధ్యలో వచ్చే జిల్లా అనుబంధం. అందులో మండలాల వార్తలు, పవర్ కట్లు, పరీక్షల తేదీలు ఉంటాయి. బ్రిటన్‌లో టాబ్లాయిడ్ అంటే పెద్ద అక్షరాల హెడింగులు, సినిమావాళ్లు, రాజకుటుంబం, ఫుట్‌బాల్, నేరాలు నిండిన జనాదరణ పత్రిక. "సన్", "డైలీ మిర్రర్" ఆ కోవలోవి. "టైమ్స్", "టెలిగ్రాఫ్", "గార్డియన్" లాంటివి బ్రాడ్‌షీట్లు, అంటే పెద్ద సైజు కాగితం పత్రికలు. 2003 తర్వాత వాటిలో చాలావాటి సైజు చిన్నదైనా ఆ పేరు మాత్రం పోలేదు.

ఈ మాట అసలు మందుల దుకాణం నుంచి వచ్చింది. 1884లో ఒక మందుల కంపెనీ నొక్కి చేసిన మాత్రలకు పెట్టుకున్న ట్రేడ్‌మార్క్ అది. చిన్న మాత్రలో మొత్తం మందు ఉన్నట్టు, చిన్న పేజీలో మొత్తం వార్త.

టాబ్లాయిడ్లను చులకన చేసేవాళ్లతో నేను ఏకీభవించను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సామాన్య సైనికుడి గొంతు వినిపించింది మిర్రరే. 1960లలో అది 50 లక్షల ప్రతులు దాటింది. కష్టమైన విషయాన్ని నాలుగు వాక్యాల్లో, అందరికీ తెలిసిన మాటల్లో చెప్పడం అంత తేలిక కాదు.

ఫ్లీట్ స్ట్రీట్‌లో ఇప్పుడు పత్రికలు ఉన్నాయా?

లేవు. లండన్ వెళ్లిన మనవాళ్లు, ఒకప్పుడు పత్రికల ఆఫీసులకు నిలయమైన ఆ వీధిలో పాత భవనాల గోడల మీద పేర్లు చూసి ఫొటోలు దిగుతుంటారు, లోపల ఉన్నవి వేరే ఆఫీసులు. విలేకరుల చర్చిగా పేరున్న సెయింట్ బ్రైడ్స్ మాత్రం అక్కడే ఉంది.

మార్పు 1986లో వచ్చింది. టైమ్స్, సన్, మరో రెండు ఆదివారం పత్రికల యజమాని రూపర్ట్ మర్డోక్ తూర్పు లండన్‌లోని వాపింగ్‌లో కంప్యూటర్లతో నడిచే కొత్త ప్రెస్ సిద్ధం చేయించాడు. ప్రింటర్ల సంఘాలు సమ్మెకు దిగగానే 5 వేల మందికి పైగా ఉద్యోగాలు ఊడాయి. ఏడాది పైగా గేటు ముందు ఆందోళనలు, పోలీసులతో ఘర్షణలు జరిగాయి. చివరికి సంఘాలు ఓడిపోయాయి. ఖర్చు తగ్గడంతో అదే ఏడాది "ఇండిపెండెంట్" లాంటి కొత్త పత్రిక పుట్టగలిగింది, అది నిజం. సీసపు అక్షరాలు పేర్చిన చేతులు రాత్రికి రాత్రి పనికిరానివైపోయాయి, అదీ నిజమే. మన దగ్గర హ్యాండ్ కంపోజింగ్ పోయి డీటీపీ వచ్చిన రోజుల్లో కంపోజిటర్ల ముఖాలు చూసినవాణ్ని. ఆ బాధ నాకు తెలుసు.

పత్రికలు ఎన్నికల్లో ప్రభుత్వాలను మార్చగలవా?

మార్చామని అవి చెప్పుకుంటాయి. 1924 ఎన్నికలకు నాలుగు రోజుల ముందు డైలీ మెయిల్ "జినోవియెవ్ ఉత్తరం" అచ్చు వేసింది. సోవియట్ నాయకుడు బ్రిటిష్ కమ్యూనిస్టులను రెచ్చగొడుతున్నట్టు ఉన్న ఆ ఉత్తరం ఫోర్జరీ అని చరిత్రకారులు ఇప్పుడు నమ్ముతున్నారు. లేబర్ పార్టీ ఓడిపోయింది. అయితే లెక్క చూస్తే ఆ ఎన్నికల్లో లేబర్‌కు ఓట్లు పెరిగాయి. కుప్పకూలింది లిబరల్ పార్టీ. కాబట్టి ఆ ఉత్తరం ఒక్కటే ప్రభుత్వాన్ని దింపిందని నేననను. 1992లో కన్సర్వేటివ్‌లు గెలిస్తే ఆ గెలుపు తమదేనని సన్ మొదటి పేజీలో ప్రకటించుకుంది. 1997లో అదే సన్ లేబర్ నాయకుడు టోనీ బ్లెయిర్ వైపు తిరిగింది. గాలి ఎటు వీస్తోందో చూసి తెరచాప ఎత్తడం కూడా ఒక విద్యే.

అసలు ప్రభావం ఓటు రోజు కంటే ముందు పనిచేస్తుంది. దేని గురించి జనం మాట్లాడుకోవాలో పత్రికలు ఏళ్ల తరబడి నిర్ణయిస్తూ వస్తాయి. యూరోపియన్ యూనియన్ మీద మెయిల్, సన్, ఎక్స్‌ప్రెస్ లాంటివి దశాబ్దాలపాటు వ్యతిరేక కథనాలు రాశాక 2016లో బ్రెగ్జిట్ రిఫరెండం వచ్చింది. యజమానుల ఇష్టాయిష్టాలు ఎంత దూరం వెళ్లగలవో 1934 చెబుతుంది. ఆ ఏడాది జనవరిలో డైలీ మెయిల్ యజమాని లార్డ్ రోథర్మియర్ బ్రిటిష్ ఫాసిస్టులకు జేజేలు పలుకుతూ స్వయంగా వ్యాసం రాశాడు. అంతకు మూడేళ్ల ముందే, 1931లో, కన్సర్వేటివ్ నాయకుడు స్టాన్లీ బాల్డ్విన్ పత్రికాధిపతులను బాధ్యత లేని అధికారం కోరుకునేవాళ్లని బహిరంగ సభలో దులిపేశాడు.

మన స్వాతంత్ర్య పోరాటాన్ని బ్రిటిష్ పత్రికలు ఎలా చూశాయి?

ఒకే కన్నుతో చూడలేదు. 1919లో జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిపించిన జనరల్ డయ్యర్ కోసం "మార్నింగ్ పోస్ట్" చందాలు వసూలు చేసింది. దాదాపు 26 వేల పౌండ్లు పోగయ్యాయి. నిరాయుధుల మీద తూటాలు పేల్చిన మనిషికి పాఠకులు జేబులోంచి తీసి ఇచ్చిన డబ్బు అది. చదివిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. అదే దేశంలో మాంచెస్టర్ గార్డియన్ లాంటి పత్రికలు డయ్యర్ చర్యను తప్పుపట్టాయి. బొంబాయిలో "బాంబే క్రానికల్" సంపాదకుడిగా ఉన్న ఆంగ్లేయుడు బి. జి. హార్నిమన్ సర్కారును విమర్శించినందుకు 1919 ఏప్రిల్‌లో దేశ బహిష్కరణకు గురయ్యాడు. ఇంగ్లండ్ చేరాక అమృత్‌సర్ దారుణం గురించి అక్కడివాళ్లకు రాశాడు.

1943 ఆగస్టులో బెంగాల్ కరువు శవాల ఫొటోలను కలకత్తా "స్టేట్స్‌మన్" అచ్చు వేసింది. అది బ్రిటిష్ యాజమాన్యంలోని పత్రిక, సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ బ్రిటిషర్. కరువు అన్న మాటే పైకి రాకూడదని సర్కారు చూస్తున్న రోజుల్లో ఆ ఫొటోలు ప్రపంచం దృష్టికి వెళ్లాయి.

ఇంకో చిన్న సంగతి. గాంధీజీ చదువుకోసం లండన్ వెళ్లేదాకా పేపర్ చదివే అలవాటు లేదని తానే చెప్పుకున్నారు. అక్కడ డైలీ న్యూస్, డైలీ టెలిగ్రాఫ్, పాల్ మాల్ గెజెట్ రోజూ తిరగేసేవారు. తర్వాత జీవితాంతం పత్రికలు నడిపిన మనిషికి తొలి పాఠశాల అదే.

తెలుగు పత్రికల మీద ఈ ప్రభావం ఎంత?

సూటిగా కనిపించే పోలిక సాహిత్యంలో ఉంది. 1711లో ఆడిసన్, స్టీల్ లండన్‌లో నడిపిన "స్పెక్టేటర్" లోకం తీరును ఒక ఊహాజనిత సంఘం సభ్యుల చేత వ్యాఖ్యానింపజేసేది. రెండు వందల ఏళ్ల తర్వాత పానుగంటి లక్ష్మీనరసింహారావు ఆ నమూనాతోనే "సాక్షి" వ్యాసాలు రాశారు. నమూనా అక్కడిదే గానీ అందులో ఉపన్యసించే జంఘాలశాస్త్రి గొంతు మాత్రం అచ్చమైన గోదావరి జిల్లాలదే.

చట్టాల ప్రభావం చేదుగా ఉంటుంది. లండన్ పత్రికలు ఏ పన్నులూ అనుమతులూ లేకుండా స్వేచ్ఛగా రాసుకుంటున్న కాలంలోనే, 1878లో లార్డ్ లిట్టన్ దేశభాషా పత్రికల మీద మాత్రమే ఆంక్షల చట్టం తెచ్చాడు. ఇంగ్లిష్ పత్రికలకు అది వర్తించదు. లార్డ్ రిపన్ వచ్చాక రద్దయింది. అదే 1878లో మద్రాసు హైకోర్టుకు ముత్తుస్వామి అయ్యర్‌ను జడ్జిగా వేస్తే తెల్లవాళ్ల పత్రికలు ఎగతాళి చేశాయి. దానికి జవాబుగా ఆరుగురు యువకులు "హిందూ" పెట్టారు. 1908లో బెజవాడ "స్వరాజ్య" పత్రికలో రాతలకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహం కింద జైలుకు వెళ్లారు. అదే ఏడాది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో "ఆంధ్రపత్రిక" మొదలుపెట్టారు. దాని వెనక పెట్టుబడి అమృతాంజనం అమ్మకాలది. డబ్బు ఎక్కడిదో చూడాలన్నాను కదా. తలనొప్పి మందు మీద వచ్చిన ఆదాయం ఒక జాతికి గొంతు ఇచ్చింది.

ఎవరెస్ట్ ఎక్కిన వార్త టైమ్స్‌కే ముందు ఎలా తెలిసింది?

1953 యాత్రకు టైమ్స్ డబ్బు ఇచ్చి వార్తా హక్కులు కొనుక్కుంది. విలేకరి జేమ్స్ మోరిస్ కూడా బృందంతో పాటు పైకి వెళ్లాడు. తర్వాతి కాలంలో జ్యాన్ మోరిస్‌గా ప్రసిద్ధి చెందిన రచయిత్రి ఆ విలేకరే. మే 29న టెన్సింగ్, హిల్లరీ శిఖరం చేరారు. వేరే పత్రికలవాళ్లు దారిలో కాచుకుని ఉన్నారు. అందుకే మోరిస్ ముందే ఒక కోడ్ తయారుచేసుకున్నాడు. మంచు పరిస్థితి బాగాలేదు అంటే శిఖరం ఎక్కేశారని అర్థం. ముందు శిబిరం వదిలేశాం అంటే హిల్లరీ. మెరుగుదల కోసం చూస్తున్నాం అంటే టెన్సింగ్. ఈ నిరాశ కబురును నామ్చే బజార్‌లోని భారత పోలీసుల వైర్‌లెస్ కేంద్రం, లోపలి అర్థం తెలియకుండానే, కాఠ్‌మాండూకు పంపింది. జూన్ 2న, ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం నాటి ఉదయం, టైమ్స్‌లో అచ్చయింది.

టైమ్స్ న్యూ రోమన్ ఫాంట్‌కూ ఈ పత్రికకూ సంబంధం ఉందా?

ఉంది. పత్రిక అక్షరాలు పాతబడ్డాయని స్టాన్లీ మోరిసన్ విమర్శిస్తే, మీరే బాగుచేయండని ఆయనకే పని అప్పగించారు. 1932 అక్టోబర్ 3 నుంచి ఆ అక్షరాలు వాడారు.

బ్రిటిష్ పత్రికలు చేసిన గొప్ప పరిశోధనలు ఏవి?

నా లెక్కలో థాలిడోమైడ్ మొదటిది. గర్భిణులు వాడిన ఆ మందు వల్ల కాళ్లూ చేతులూ సరిగా లేని పిల్లలు పుట్టారు. పరిహారం సంగతి ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. 1972లో "సండే టైమ్స్" సంపాదకుడు హెరాల్డ్ ఎవాన్స్ ఆ కుటుంబాల తరఫున ఉద్యమం నడిపాడు. కేసు నడుస్తోంది కాబట్టి రాయొద్దని కోర్టు ఆపితే, యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లి 1979లో గెలిచారు. పరిహారం ఎన్నో రెట్లు పెరిగింది.

2009లో ఎంపీల ఖర్చుల బిల్లులను టెలిగ్రాఫ్ రోజుకు కొన్ని చొప్పున బయటపెట్టింది. ఒక ఎంపీ తన చెరువులో బాతులకు కట్టించిన ఇంటి బిల్లు కూడా పెట్టాడు. స్పీకర్ రాజీనామా చేశాడు, కొందరు జైలుకు వెళ్లారు.

ఫోన్ హ్యాకింగ్ కుంభకోణం ఏమిటి?

1843లో మొదలై, ఒకప్పుడు 80 లక్షలకు పైగా ప్రతులు అమ్ముకున్న ఆదివారం పత్రిక "న్యూస్ ఆఫ్ ది వరల్డ్". అక్కడివాళ్లు రాజకుటుంబం, సినిమావాళ్లు, సామాన్యుల ఫోన్ వాయిస్ మెయిల్స్ దొంగచాటుగా వినేవాళ్లు. హత్యకు గురైన 13 ఏళ్ల బాలిక ఫోన్‌ను కూడా వదల్లేదని 2011 జూలైలో గార్డియన్ బయటపెట్టింది. దేశం భగ్గుమంది. ప్రకటనలు ఇచ్చేవాళ్లు వెనక్కి తగ్గారు. వారం తిరక్కుండానే, జూలై 10న, చివరి సంచిక వచ్చింది. తర్వాత జడ్జి లెవిసన్ విచారణ జరిపి 2012 నవంబర్‌లో నివేదిక ఇచ్చారు. 2014లో ఇప్సో అనే కొత్త నియంత్రణ సంస్థ వచ్చినా అది పరిశ్రమ సొంతంగా పెట్టుకున్నదే. గార్డియన్, ఫైనాన్షియల్ టైమ్స్ అందులో చేరలేదు.

లివర్‌పూల్‌లో సన్ పత్రికను ఎందుకు కొనరు?

1989లో హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియం తొక్కిసలాటలో గాయపడి 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు. నాలుగు రోజులకే సన్, "నిజం" అని పెద్ద అక్షరాల హెడింగ్ పెట్టి, అభిమానులే శవాల జేబులు కొట్టారని, పోలీసుల మీద పాడు పనులు చేశారని రాసింది. అంతా అబద్ధం. 2016లో జ్యూరీ తప్పు అభిమానులది కాదని తేల్చింది. ఊరు మాత్రం తీర్పు కోసం ఆగలేదు. ఆ రోజు నుంచి ఈనాటి దాకా అక్కడ చాలా దుకాణాలు ఆ పేపర్ పెట్టవు.

పాత బ్రిటిష్ పత్రికల్లో మన ఊరి వార్తలు వెతకొచ్చా?

వెతకొచ్చు. బ్రిటిష్ లైబ్రరీ దగ్గర ఉన్న పాత సంచికలను స్కాన్ చేసి "బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్" అనే వెబ్‌సైట్‌లో పెడుతున్నారు. చాలావరకు చదవడానికి చందా కట్టాలి. లండన్‌లో ఉంటే లైబ్రరీకి వెళ్లి కూడా చూడొచ్చు.

వెతికేటప్పుడు ఊళ్ల పేర్లు ఇప్పటిలా కొడితే ఏమీ దొరకదు. మచిలీపట్నానికి మసూలిపటం, విశాఖకు విజగపటం, విజయవాడకు బెజ్‌వాడా, కాకినాడకు కొకనాడా అని ఇంగ్లిష్‌లో పాత స్పెల్లింగులు కొట్టండి. ఒక్కో పేరుకు నాలుగైదు రకాలు ప్రయత్నించాలి. తేదీ కూడా జాగ్రత్త. టెలిగ్రాఫ్ లైన్లు రాకముందు మన తీరం నుంచి కబురు ఓడ మీద వెళ్లి లండన్ చేరేసరికి నెల, రెండు నెలలు పట్టేది. 1864 నవంబర్ 1 నాటి బందరు ఉప్పెన గురించి వెతుకుతుంటే నవంబర్ సంచికలతో ఆపేయకండి, డిసెంబర్, జనవరి సంచికలు కూడా తిప్పండి.